మందు మానేసినవాడు చిన్న టెన్షన్‌కే మళ్లీ ఎందుకు తాగుతాడు?

"నెలల తరబడి మానేసినవాడు ఒక్క గొడవకే మళ్లీ సీసా పడతాడేం, మనసు గట్టిది కాకనా?" అని అడిగారు. ఈ మనసు గట్టితనం మాట పన్నెండేళ్లు విన్నాను. అనేవాళ్లలో సగం మంది తాగి అనేవాళ్లే.

మాది సిరొంచ. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం, కాగితం మీద. ఇప్పసారా ఊళ్లోనే దొరుకుతుంది, సీసా కావాలంటే గోదావరి వంతెన దాటితే తెలంగాణ.

అయ్యప్ప మాల వేసుకుని ఒక్కరోజులో మానేశాను. రెండో సాయంత్రం హారతి పళ్లెం నా చేతికిచ్చారు. పళ్లెం గడగడా వణికి, కర్పూరం జారి చాప మీద పడింది. ఒళ్లంతా చెమట. పూనకం వచ్చిందనుకుని స్వాములు శరణుఘోష ఎత్తుకున్నారు. ఒకాయన నా కాళ్లకు మొక్కాడు కూడా! మూడో రాత్రి గోడ నిండా లేని చీమలు కనపడ్డాయి. "గిది దేవుడు గాదు స్వామీ, మందు దిగుడు" అని మా వదినే ఆటో పిలిచింది. ఆస్పత్రిలో వణుకు, ఫిట్స్ ఆపే లిబ్రియం మాత్రలు, బి1 విటమిన్ ఇంజక్షన్లు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చని డాక్టరు తిట్టాడు. మీవాళ్లెవరైనా మానేస్తానంటే ముందు డాక్టరుకు చూపించండి.

ఎద్దు ముకుతాడు రోజూ లాగి పడితే అది ఎదురు లాగడం నేర్చుకుంటుంది. తాడు తెగిందా, చేను తొక్కుతుంది. మందు ఆపిన మెదడూ అంతే. అమిగ్డలా అని భయం పుట్టే చోటు ఉంటుంది. మందు దిగేటప్పుడు అక్కడ సీఆర్‌ఎఫ్ అనే, ఒత్తిడిని రేపే రసాయనం పొంగుతుంది. 1981లో అమెరికా శాస్త్రవేత్త వైలీ వేల్ బృందం గుర్తించింది దాన్నే. వణుకు వారంలో పోయింది గానీ, ఆ భయం నెలల తరబడి కాచుకుని కూర్చుంది.

ఐదో నెలలో ట్రాక్టర్ కిస్తీకి ఫైనాన్స్ వాడు వాకిట్లో నిలబడి పదిమందిలో అరిచాడు. హారతి పళ్లెం నాటి దడే మళ్లీ వచ్చింది. సరదా లేదు, రుచి గుర్తుకు రాలేదు, దడ ఆగితే చాలనిపించింది. గంటలో వంతెన అవతల ఉన్నాను.

ఎలుకల్లో సీఆర్‌ఎఫ్‌ను అడ్డుకుంటే టెన్షన్‌కి తాగడం తగ్గింది. అలాంటి మాత్రలే మనుషులకిస్తే కోరిక తగ్గలేదు. ఎలుక వాకిట్లోకి ఫైనాన్స్ వాడు రాడు కదా, నా లెక్క అది.

మళ్లీ మానేసి ఇప్పుడు రెండేళ్లయింది. కిస్తీ రోజున డబ్బు, ఫోనూ వదిన చేతిలో పెట్టి పొద్దున్నే చేనుకు పోతాను.