వేల ఏళ్లు అని రాసే ముందు

ప్రియమైన అమ్మాయికి,

ఊట్నూరు బూడిద దిబ్బ (పాతకాలపు పసుల దొడ్డిలో పేడ కాలి మిగిలిన దిబ్బ) మీద నువ్వు రాస్తున్న నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. పసుల మంద, దడి దగ్గర కాపలా ఉన్న కుర్రాడు, వాడి మీద తల్లి కేకలు, ఇవన్నీ బాగా కుదిరాయి. రెండో అధ్యాయం మొదట్లో మాత్రం ఆగిపోయాను. "వేల ఏళ్లుగా వాళ్ల బతుకు అలాగే సాగుతోంది" అని రాశావు. ఆ వాక్యం తీసెయ్. ఎందుకు తీసేయాలో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అది నవల మొత్తానికి సంబంధించిన విషయం.

వేల ఏళ్లు ఎవరూ బతకలేదు. ఆ కుర్రాడికి నిన్న ఉంది, పోయిన ఎండాకాలం ఉంది, తాత చెప్పిన కరువు ఉంది. అంతకు ముందుది వాడికి కథ. చరిత్రకు ముందరి మనుషులు కాలం తెలియకుండా మెల్లగా బతికారనే అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. అందులో చాలా భాగం మన కొలతలు వదులుగా ఉండటం వల్ల వచ్చిందే.

పాత ఎముక, బొగ్గు వయసు కట్టే కార్బన్ డేటింగ్ సంగతి నీకు తెలిసిందే. 1949లో షికాగోలో రసాయన శాస్త్రవేత్త విల్లర్డ్ లిబీ బృందం దాన్ని పనిచేయించి చూపించింది, 1960లో ఆయనకు నోబెల్ వచ్చింది. బతికున్నంతకాలం చెట్టూ పశువూ మనిషీ గాలి నుంచీ తిండి నుంచీ కార్బన్-14 అనే, దానంతట అదే తరిగిపోయే కార్బన్ రకాన్ని తీసుకుంటూ ఉంటాయి. చచ్చిపోయాక కొత్తది చేరదు, ఉన్నది తరుగుతూ 5,730 ఏళ్లకు సగమవుతుంది. అయితే గాలిలో దాని పాలు అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు. అందుకని ల్యాబ్ ఇచ్చిన అంకెను, వయసు తెలిసిన చెట్ల వలయాలతో కట్టిన పట్టికతో సరిచూస్తారు. చివరికి చేతికి వచ్చేది ఒక సంవత్సరం కాదు. ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు లోపల, ఇంత సంభావ్యతతో, అని ఒక పరిధి వస్తుంది.

రాసేవాళ్లు పొరబడేది ఇక్కడే. పరిధి రెండు వందల ఏళ్లు ఉంటే, ఆ పని రెండు వందల ఏళ్లు జరిగిందని రాసేస్తారు. మీ పెద్దమ్మ పెళ్లి వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో జరిగిందని ఎవరైనా అంటే, పెళ్లి రెండు నెలలు జరిగిందని అనుకోం కదా. అలాంటి పరిధులు పది పక్కపక్కన పెడితే, రెండు దశాబ్దాల్లో ముగిసిన పని కూడా శతాబ్దాల పాటు సాగినట్టు కనిపిస్తుంది.

దీన్ని సరిదిద్దిన ఉదాహరణ ఒకటి నువ్వు తప్పకుండా తెలుసుకోవాలి. ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్ ప్రాంతంలో వెస్ట్ కెన్నెట్ అనే పొడవాటి మట్టి దిబ్బ ఉంది, లోపల రాతి గదులు. అది ఒక సమాధి. 1955-56లో పురావస్తు శాస్త్రవేత్త స్టువర్ట్ పిగట్ అక్కడ తవ్వినప్పుడు మొదటి దశకు చెందిన దాదాపు 36 మంది ఎముకలు దొరికాయి. ఆ సమాధిని తరతరాలుగా, వెయ్యేళ్ల దాకా వాడారని చాలాకాలం అనుకున్నారు. ఆ ఎముకలకు మళ్లీ తేదీలు కట్టి, ఏది ముందు ఏది తర్వాత అని తవ్వకంలో తెలిసిన వరుసను కూడా లెక్కలో కలిపి, అలెక్స్ బేలిస్, అలాస్‌డెయిర్ విటిల్ బృందం 2007లో ఫలితాలు ప్రచురించింది. అడుగు పొర పై పొర కన్నా ముందుదని తెలిస్తే, రెండు తేదీలూ ఒకదాన్నొకటి నెట్టుకుని పరిధి బిగుస్తుంది. దీన్ని బేసియన్ పద్ధతి అంటారు. ఆ లెక్క ప్రకారం సమాధి క్రీ.పూ. 3670-3635 మధ్య ఎప్పుడో కట్టారు. మొదటి దశ ఖననాలు సాగింది బహుశా పది నుంచి ముప్పై ఏళ్లే. ఆ తర్వాత వందేళ్లకు పైగా విరామం. మళ్లీ ఎవరో వచ్చి ఆ గదులను కొంచెం కొంచెంగా నింపడం మొదలుపెట్టారు.

ఇప్పుడు రచయితగా ఆలోచించు. ముప్పై ఏళ్లంటే ఒక తరం. ఆ రాళ్లు ఈడ్చిన యువకుడు, లోపల పడుకోబెట్టిన వాళ్లలో చాలామందిని పేరుపెట్టి పిలిచి ఉంటాడు. వాళ్లు అతనికి పూర్వీకులు కారు. అమ్మ, మేనమామ, పక్కింటి మనిషి. వందేళ్ల తర్వాత వచ్చిన వాళ్లకైతే ఆ ఎముకలు ఎవరివో చూసి చెప్పగలిగే మనిషి ఒక్కరూ మిగిలి లేరు. ఉన్నది విన్న మాట, లేదా అదీ లేదు. ఒకే తలుపు, ఒకే చీకటి గది, రెండు వేర్వేరు కాలానుభవాలు. వెయ్యేళ్లు అని రాసి ఉంటే ఈ తేడా మొత్తం పోయేది. నాకు తెలిసినంతలో ఒక కొలత మనుషుల మనసు గురించి ఇంతగా చెప్పిన సందర్భాలు తక్కువ.

గ్లోస్టర్‌షైర్‌లోని హేజల్‌టన్ నార్త్ సమాధిలో ఇంకో అడుగు ముందుకు వెళ్లారు. అక్కడి 35 మంది పురాతన డీఎన్ఏ చదివితే 27 మంది ఒకే కుటుంబం, ఐదు తరాల వాళ్లు. మూలపురుషుడు ఒక్కడు, అతనితో పిల్లల్ని కన్న స్త్రీలు నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరి సంతతిని ఒక వైపు గదిలో, మిగతా ఇద్దరి సంతతిని రెండో వైపు గదిలో పెట్టారు. అంటే ఫలానా ముత్తవ్వ బిడ్డలం మేం అన్న లెక్కను తరాల తర్వాత కూడా ఎవరో గుర్తు పెట్టుకున్నారు. రాత లేని చోట కాలాన్ని అలా మోశారు.

మళ్లీ మన ఊట్నూరుకు వద్దాం. (ఆదిలాబాద్ ఊట్నూరు కాదని ముందుమాటలో ఒక ముక్క రాయి, పాలమూరు వైపుది అని చాలామందికి తెలియదు.) 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ అక్కడ తవ్వాడు. దుంగలు పాతి కట్టిన దడి, లోపల పసుల గిట్టల ముద్రలు, పేడ కాలి రాయిలా గట్టిపడిన బూడిద పొరలు. దడి కాలింది, మళ్లీ కట్టారు, మళ్లీ కాలింది. నాలుగు వేల ఏళ్లకు పైబడిన సంగతి. కానీ అక్కడి తేదీలు తొలి రోజుల్లో కొలిచినవి, వాటి పరిధులు చాలా వెడల్పు. వాటిని పట్టుకుని ఇన్ని తరాలు అని లెక్క చెప్పకు. వరుస మాత్రం గట్టిది: కాల్చారు, కట్టారు, కాల్చారు. దాని మీద నిలబడు.

ఈ మంటలు ఏటేటా వచ్చే పండగ లాంటి తంతు కావచ్చని ఆల్చిన్ ఊహించాడు. కర్ణాటక పల్లెల్లో సంక్రాంతికి ఇప్పటికీ పశువులను మంట మీదుగా దాటిస్తారు కాబట్టి ఆ ఊహ ఆకట్టుకుంటుంది. నువ్వు దాన్ని తీసుకున్నా, సంక్రాంతిని మాత్రం కథలోకి తేకు. నీ ముందున్న అసలు ప్రశ్న వేరే: ఆ మంట ఎన్నాళ్లకోసారి? ఏటా అయితే ఆ కుర్రాడు దాని కోసం ఎదురు చూస్తాడు, పిడకలు పోగేస్తాడు, పోయినేడు మంట దగ్గర ఎవరు ఉన్నారో, ఈ ఏడు ఎవరు లేరో వాడికి తెలుసు. పాతికేళ్లకోసారి అయితే వాడికి అది ఎన్నడూ చూడనిది. అవ్వ ఒక్కతే చూసింది. మంట ఎత్తు ఎంతో, ఆవులు ఎలా బెదిరాయో ఆమె చెప్పిందే వాడు నమ్మాలి. నీ మూడో అధ్యాయంలో వాడు భయపడుతున్నాడు, ఎదురూ చూస్తున్నాడు, రెండూ కలిసిపోయాయి. ఏదో ఒకటి నిర్ణయించుకో, రెండూ రాయదగ్గవే.

ఇంకో జాగ్రత్త. కార్బన్ చెప్పేది ఆ చెట్టు వలయం పెరిగిన కాలం, దుంగ పాతిన రోజు కాదు. ముసలి చెట్టు నడి చేవ అయితే అది దడి కన్నా వందేళ్లు పాతది కావచ్చు. అందుకే ఇప్పుడు గింజలకు, ఎముకలకు తేదీ కట్టడానికి ఇష్టపడతారు. ఒక ఉలవ గింజ ఒక్క పంట కాలానిది. రిపోర్టులో తేదీ కనపడగానే అది దేని మీద కట్టారో చూడు, బొగ్గా, గింజా అని.

రెండో నవల రాక్షస గుళ్ల (పెద్ద పెద్ద బండలతో కట్టిన పాతకాలపు సమాధుల) మీద అన్నావు. అక్కడ పని ఇంకా కష్టం. క్రీ.పూ. 800 నుంచి 400 దాకా ఆ సరిచూసే పట్టికను గీతగా గీస్తే దాదాపు చదునుగా పోతుంది, నాలుగు వందల ఏళ్లలో ఎప్పటి ఎముకైనా ఇంచుమించు ఒకే అంకె ఇస్తుంది. టెన్షన్ పడకు. అలాంటి చోట కుండల వరుస, ఏ రాయి కింద ఏది దొరికింది, ఏ గుంత ఏ గుంతను కోసింది అన్నవే నీకు ఆధారం. తవ్వకం రిపోర్టుల్లో నేలకోత బొమ్మలు (తవ్విన గోడలో పొరల వరుస చూపే బొమ్మలు) ఉంటాయి, ముందు వాటిని చదవడం నేర్చుకో. ఈ లోపు మూడో అధ్యాయం తిరగరాసి పంపు, అవ్వ మాటలు ఇంకొంచెం పెంచు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు