జీవశాస్త్ర సందేహాలు: బోరు నీటి నుంచి ఎముక దాకా

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. నా దగ్గరున్న జీవశాస్త్ర పరిచయ పుస్తకం మొదటి అధ్యాయంలో పరిశీలన, పరికల్పన, ప్రయోగం, సిద్ధాంతం అని వరుసగా చెప్పి, రెండో అధ్యాయంలో ఒక్కసారిగా పరమాణువులు, అయాన్లు, బంధాల్లోకి వెళ్లిపోయింది. ఈ రెండింటికీ పొంతన ఏమిటి? జీవుల గురించి తెలుసుకోవడానికి రసాయన శాస్త్రం ఎందుకు? (ఒక విద్యార్థిని)

జవాబు: మీ ప్రశ్నకు జవాబు మీ ప్రాంతపు నీళ్లలోనే ఉంది. అక్కడ పుట్టి పెరిగిన కొందరి ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు ఉండటం మీరు చూసే ఉంటారు. పొగాకు గార పళ్ల సందుల్లోనూ చిగుళ్ల అంచునా పట్టుకుంటుంది, గీకితే కొంతైనా వదులుతుంది. ఈ చారలు అలా కాదు. కుడివైపు పన్ను మీద ఏ ఎత్తులో ఉంటే ఎడమవైపు పన్ను మీదా దాదాపు అదే ఎత్తులో ఉంటాయి, ఎంత తోమినా పోవు. ఇంత వివరంగా చూడటమే పరిశీలన. మరక పైనుంచి అంటింది కాదు, పన్ను తయారయ్యేటప్పుడే లోపల ఏదో జరిగిందన్న అనుమానం ఆ వివరం నుంచే పుడుతుంది.

కారణం ఏమై ఉండవచ్చు? వంశంలో ఉందని ఒకరు, సజ్జలు, జొన్నలు తినడం వల్లనని ఇంకొకరు, నీళ్లని మరొకరు అనవచ్చు. ఈ మూడూ పరికల్పనలే. వీటిలో ఏది నిలుస్తుందో తేల్చాలంటే, ప్రతిదాన్నీ అది తప్పయితే తప్పని తేలిపోయే పరీక్షకు పెట్టాలి. మంచి నీళ్లున్న ఊరి నుంచి పెళ్లయి మీ ఊరికి వచ్చిన కోడలి పళ్లు తెల్లగా ఉండి, ఆమెకు అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు చారలు వచ్చాయనుకోండి. అదే వంశంలో వేరే ఊళ్లో పెరిగిన పిల్లలకు రాలేదనుకోండి. అప్పుడు వంశం అన్న మాట నిలవదు. తిండి ఒక్కటే అయి, తాగే బావులు మాత్రం వేరైన రెండు ఊళ్లను పోల్చి చూస్తే రెండో పరికల్పన సంగతీ తేలుతుంది. మిగతావన్నీ సమానంగా ఉంచి ఒక్కదాన్ని మార్చి చూడటమే నియంత్రిత పోలిక. విజ్ఞాన పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. పుస్తకంలో ఉన్న వరుస మాత్రం చదువుకునేవారి సౌకర్యం కోసం వేసినది. పనిలో దిగినవారు ప్రయోగం నుంచి మళ్లీ పరిశీలనకు, అక్కడి నుంచి కొత్త పరికల్పనకు ఎన్నోసార్లు తిరుగుతూనే ఉంటారు.

ఈ విషయంలో మీ ప్రాంతానికి చరిత్ర ఉంది. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకూ ఎముకలకూ వచ్చే వ్యాధి) గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. మన దేశంలో ఈ వ్యాధిని గురించిన తొలి వైద్య నివేదికల్లో అది ఒకటి.

నీళ్లలోని ఫ్లోరైడే కారణమని తేలాక కూడా, అది ఎముకలోకి ఎలా చేరుతుందన్న ప్రశ్న మిగులుతుంది. మీ రెండో అధ్యాయం అవసరం ఇక్కడే వస్తుంది. ఎముకకూ పంటికీ గట్టిదనాన్నిచ్చే స్ఫటికాల్లో కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సైడ్ అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) ఒక పద్ధతిలో పేర్చి ఉంటాయి. ఫ్లోరైడ్ అయాన్ పరిమాణంలో హైడ్రాక్సైడ్‌కు దగ్గరగా ఉంటుంది, దాని మీదా ఒక రుణావేశమే ఉంటుంది. అందుకే హైడ్రాక్సైడ్ కూర్చోవలసిన చోట ఫ్లోరైడ్ కూర్చోగలదు. ఎముక అనుక్షణం కొంత కరుగుతూ కొంత కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది కాబట్టి, ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవారి ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకుంటూ పోతుంది. పంటి పింగాణీ చిన్నతనంలో ఒక్కసారే తయారవుతుంది, మళ్లీ కట్టుకోదు. కోడలి పళ్లకు చారలు రాకపోవడం, అయినా చాలా ఏళ్లకు ఆమె కీళ్లు బిగుసుకుపోయే ప్రమాదం ఉండటం, రెండూ దీనివల్లే. బోరు నీటిలోనూ మనిషి దవడలోనూ ఉన్నది ఒకే ఫ్లోరైడ్ అయాన్, రెండు చోట్లా దాని నడతా ఒకటే. శరీరానికి వేరే రసాయన శాస్త్రం అంటూ లేదు, అందుకే ఆ అధ్యాయం లేకుండా జీవశాస్త్రం ముందుకు సాగదు.

అడగకపోయినా ఒక మాట చెప్పాలి. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తారు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని మోతాదు పెరుగుతుంది. కాబట్టి మరిగించి చల్లార్చిన బోరు నీళ్లని నమ్మి పసిపిల్లలకు పట్టవద్దని ఇంట్లో తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: అల్లూరు మండలంలో వనామి రొయ్యలు సాగు చేస్తున్నాను. చెరువు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే అంకె) తెల్లవారుజామున 7.6 ఉంటే సాయంత్రానికి 8.8 అవుతోంది. మధ్యలో నేనేమీ వేయలేదు. మీటరు పాడైందా? (ఒక రైతు)

జవాబు: మీటరును సందేహించే ముందు నీటి రంగు చూడండి. పచ్చగా చిక్కబడి ఉంటే ఆ మార్పు చేస్తున్నది అందులోని సూక్ష్మ శైవలాలే (కంటికి కనిపించనంత చిన్న నాచు). నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ కొంత కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. పగలు శైవలాలు కిరణజన్య సంయోగక్రియకు ఆ వాయువును లాగేసుకుంటాయి కాబట్టి ఆమ్లం తగ్గి పీహెచ్ పైకి పోతుంది. రాత్రి వెలుతురు ఉండదు. శైవలాలు, రొయ్యలు, అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ ఊపిరి పీల్చి ఆ వాయువును వదులుతూనే ఉంటాయి, అందుకని తెల్లారేసరికి పీహెచ్ దిగుతుంది.

7.6కూ 8.8కూ తేడా 1.2 మాత్రమేనని తేలిగ్గా తీసుకోకండి. పీహెచ్ ఒక అంకె మారితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు మారుతుంది. పీహెచ్ 2 ఉన్న గూడూరు నిమ్మరసానికీ పీహెచ్ 8 ఉన్న చెరువు నీటికీ మధ్య తేడా పది లక్షల రెట్లు. మీ చెరువులో ఉదయానికీ సాయంత్రానికీ ఉన్న తేడా సుమారు 16 రెట్లు.

రొయ్యల వ్యర్థాల నుంచి నీటిలో చేరే అమ్మోనియా సంగతి ఇంకా ముఖ్యం. పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అది ఎక్కువ భాగం ఆవేశమున్న అమ్మోనియం అయాన్‌గా ఉంటుంది. అయాన్ మొప్పల కణపొరలోని కొవ్వును సులువుగా దాటలేదు. పీహెచ్ పెరిగితే ఆ అయాన్ ఒక హైడ్రోజన్ అయాన్‌ను వదిలి, ఆవేశం లేని అమ్మోనియాగా మారి పొరను దాటిపోతుంది. మంచినీటిలో 28 డిగ్రీల దగ్గర లెక్క వేస్తే, ఇలా విషంగా మారే భాగం పీహెచ్ 7.6 వద్ద సుమారు 3 శాతం, 8.8 వద్ద సుమారు 30 శాతం. ఉప్పునీటిలో ఇది కొంత తగ్గుతుంది. అందువల్ల అమ్మోనియా పరీక్షను ఉదయం కాకుండా సాయంత్రం చేయించడం మేలు.

నా మాట మీద నమ్మకం ఉంచనక్కర లేదు, మీరే తేల్చుకోవచ్చు. తెల్లవారుజామున ఒకే చోట ముంచిన నీటితో రెండు గాజు సీసాలు నింపి మూత బిగించండి. ఒకదానికి నల్లగుడ్డ చుట్టి, రెండింటినీ చెరువులో ఒకే లోతున వేలాడదీయండి. మధ్యాహ్నం రెండింటి పీహెచ్ చూడండి. గుడ్డ చుట్టని దానిలో మాత్రమే పీహెచ్ పెరిగితే కారణం వెలుతురు సాయంతో శైవలాలు చేసిన పనే. రెండూ సమానంగా పెరిగితే నేను చెప్పింది తప్పు, అప్పుడు మీటరును సరిచూసుకోండి.

ప్రశ్న: ఉప్పు పట్టించిన ఎండు చేపల మీద గులాబీ రంగు మచ్చలు వచ్చాయి. ఉప్పులో ఏ క్రిమీ బతకదంటారు కదా? (ఒక గృహిణి, కావలి)

జవాబు: ఉప్పు చుట్టూ చిక్కగా ఉంటే మామూలు బ్యాక్టీరియా కణంలోని నీరు పొర గుండా బయటికి పోయి కణం ఎండిపోతుంది. చేప నిలవ ఉండేది దీనివల్లే. కానీ ఉప్పు మడుల్లోనే బతికే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి హాలోఆర్కియా. ఇవి తమ కణాల్లో పొటాషియం అయాన్లను బాగా నింపుకుని బయటి ఉప్పుకు సరితూగుతాయి కాబట్టి నీరు కోల్పోవు. వాటిలోని కెరోటినాయిడ్ రంగే మీరు చూసిన గులాబీ రంగు. అవి ఆ ఉప్పుతోపాటే మీ ఇంటికి వచ్చి ఉంటాయి. మచ్చల దగ్గర జిగురు, చెడు వాసన ఉంటే చేపలోని మాంసకృత్తులు కుళ్లుతున్నాయని అర్థం, ఆ చేపను కడిగి వండకండి, పారేయండి.