పక్క గదిలో పాఠం: ఏం చూడాలి, ఎలా చెప్పాలి?

ఉపాధ్యాయుల ప్రశ్నలు – జవాబులు

టీచర్లు ఒకరి క్లాసు ఒకరు చూసుకోవడం గురించి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా హైస్కూల్లో నెలకోసారి ఒకరి క్లాసు ఒకరు చూడాలని హెచ్.ఎం. సార్ చెప్పారు. నేను సోషల్ సార్ క్లాసు చూసి "బాగుంది సార్" అన్నాను. ఆయన నా లెక్కల క్లాసు చూసి "మంచిగుంది" అన్నారు. మూడు నెలలుగా ఇదే తంతు. నాకు కొత్తగా ఒక్క సంగతీ తెలియలేదు. ఎక్కడ పొరపాటు?
– స్కూల్ అసిస్టెంట్, మిర్యాలగూడ

జవాబు: పొరపాటు జరిగింది క్లాసులో కాదు, ముందురోజు. ఏం చూడాలో తేల్చుకోకుండా వెళ్లి కూర్చుంటే ఎవరికైనా పాఠం ఒక్క ముద్దగానే కనిపిస్తుంది. ముద్దగా చూసినదానికి "బాగుంది" తప్ప వేరే మాట రాదు. అందుకే ముందురోజు పది నిమిషాలు కూర్చుని, పాఠం చెప్పబోయేవారే చూడబోయేవారికి ఒక ప్రశ్న ఇవ్వాలి. ఒక్కటే ఇవ్వాలి. రెండు ఇస్తే రెండూ సగం సగమే చూస్తారు.

మొదటిసారికి ఈ ప్రశ్న తీసుకోండి: "నేను అడిగినప్పుడు జవాబు ఎవరు చెబుతున్నారు?" దీనికి ఒక తెల్లకాగితం, పెన్సిలు చాలు. పిల్లలు కూర్చున్న తీరు చూసి ఒక్కొక్కరికి ఒక్కో గడి గీయండి. సారు పేరు పెట్టి అడిగితే ఆ గడిలో నిలువు గీత. పిల్లవాడు తనంతట తాను చెయ్యెత్తి చెబితే చుక్క. అడిగినా చెప్పలేకపోతే సున్న. అందరూ కలిసి "ఆఁ సార్" అంటే దాన్ని గడుల్లో పెట్టకుండా కాగితం అంచున విడిగా గీత పెట్టండి. పీరియడ్ అయ్యేసరికి గీతలు ఎక్కడ గుమిగూడాయో, ఏ గడులు తెల్లగా మిగిలాయో చెప్పకుండానే కనిపిస్తుంది. ముందు వరుసలు, మధ్య దారికి అటూ ఇటూ కూర్చున్నవాళ్లు నిండుగా ఉండి, మూలలు ఖాళీగా ఉండటం చాలా క్లాసుల్లో జరిగేదే. అమ్మాయిల వైపు, అబ్బాయిల వైపు విడివిడిగా లెక్కపెట్టడం మరిచిపోకండి.

కాగితం అంచున పెట్టిన ఆ గీతల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. "అర్థమైందా?" అంటే "ఆఁ" అనడం మన పిల్లలకు ఒకటో తరగతి నుంచే నోటికి వచ్చేసిన రాగం. ఆ "ఆఁ"లో అర్థమైనవాళ్లు, కానివాళ్లు, విననివాళ్లు అందరూ ఉంటారు. మీరు లెక్కల సారు కాబట్టి మీ క్లాసు నుంచే ఉదాహరణ. భిన్నాల కూడిక చెప్పి "అర్థమైందా" అన్నారు, గది మొత్తం "ఆఁ" అంది. వెంటనే గీత పడని గడిలోని పిల్లను లేపి 2/3 + 1/4 నల్లబల్ల మీద చేయమనండి. 11/12 రావాలి. 3/7 అని రాస్తే ఆ అమ్మాయి పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడింది. అంటే హారాలు ఎందుకు సమానం చేస్తామో ఆమెకు ఇంకా చేరలేదు. చూస్తున్నవారు రాసిపెట్టవలసింది ఆ 3/7నే. పాఠం చెప్పే హడావిడిలో మీరు దాన్ని చెరిపి సరిచేసి ముందుకు వెళ్లిపోతారు.

రెండోసారికి ఎదురుచూపు సమయం పట్టండి. ప్రశ్న అడిగాక టీచరు ఎంతసేపు ఆగుతున్నారు? మేరీ బడ్ రోవ్ అనే అమెరికా పరిశోధకురాలు దీన్ని గడియారం పెట్టి కొలిచారు. టీచర్లు సగటున ఒక్క సెకను దగ్గరే ఆగుతున్నారని, మూడు సెకన్లకు పైగా ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారని ఆమె 1970లలో చూపించారు. సెల్‌ఫోన్లోని స్టాప్‌వాచ్‌తో మీరూ కొలవవచ్చు. పది ప్రశ్నలకు సెకన్లు రాస్తే చాలు.

బి.ఇడి.లో చదివిన ఫ్లాండర్స్ పద్ధతి (క్లాసులో ఎవరు, ఎలా మాట్లాడుతున్నారో అంకెలతో గుర్తించేది) వాడవచ్చా అని అడిగేవాళ్లుంటారు. వాడవచ్చు. అయితే ప్రతి మూడు సెకన్లకు పది వర్గాల్లో ఒక అంకె వేయాలి కాబట్టి 45 నిమిషాల పీరియడ్‌కు 900 అంకెలు అవుతాయి. తోటి టీచరు మీద అంత భారం వద్దు. మొదట్లో, మధ్యలో, చివర్లో అయిదేసి నిమిషాలు, అంటే వందేసి అంకెలు వేస్తే సారు మాట ఎంత, పిల్లల మాట ఎంత అన్నది తేలుతుంది.

ఇక తర్వాతి మాట. అదే రోజు లీజర్ పీరియడ్‌లో ఇరవై నిమిషాలు కూర్చోండి. వారం దాటితే గీతలు ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తుండదు. కాగితం చేతికిచ్చి ముందు మీరు మాట్లాడకండి. పాఠం చెప్పినవారు దాన్ని చూసి తనకు కనిపించింది చెబుతారు. ఆ తర్వాతే మీ వంతు. "పిల్లలు శ్రద్ధగా లేరు" అన్నది మీ అభిప్రాయం. "11.20కి కిటికీ వరుసలో నలుగురు నోట్సు తెరవలేదు" అన్నది మీరు చూసింది. రెండోదే చెప్పండి. లేచే ముందు వచ్చే వారంలో మార్చబోయే ఒక్క పని అనుకోండి: ప్రశ్న అడిగి మనసులో మూడు లెక్కపెట్టి పేరు పిలవడం లాంటిది. దాన్ని చూడటానికి పది, పదిహేను రోజుల్లో మళ్లీ అదే క్లాసుకు వెళ్లాలి. రెండోసారి వెళ్లకపోతే మొదటి కాగితం వృథా.

ప్రశ్న: మాది తండా బడి. ఐదు తరగతులు, ఇద్దరమే టీచర్లం. నేను ఆమె క్లాసులో కూర్చుంటే నా పిల్లల్ని ఎవరు చూస్తారు?
– ఎస్.జి.టి., దేవరకొండ ప్రాంతం

జవాబు: పీరియడ్ మొత్తం కూర్చోవలసిన పని లేదు. 20 నిమిషాలు చాలు. మీ పిల్లలకు అంతకుముందే చెప్పిన దాని మీద రాత పని ఇచ్చి, వాళ్లను వరండాలో మీ కళ్లకు ఆనేలా కూర్చోబెట్టండి. కొత్త పాఠం ఇచ్చి వెళితే ప్రతి రెండు నిమిషాలకు ఒకరు లేచి వస్తారు.

మీలాంటి బడిలో చూడవలసింది వేరు. ఒక తరగతికి చెబుతున్నప్పుడు పక్క తరగతి ఏం చేస్తోంది? అయిదు నిమిషాలకోసారి తల ఎత్తి గది మొత్తం ఒకసారి చూడండి. పనిలో ఉన్నవాళ్లు ఎందరు, ఖాళీగా ఉన్నవాళ్లు ఎందరు అని రెండు అంకెలు రాయండి. 20 నిమిషాల్లో మొదటిది కలుపుకొని అయిదు లెక్కలు వస్తాయి. మూడో తరగతి పిల్లలు పదో నిమిషానికే ఖాళీ అయిపోతున్నారని తేలితే ఇచ్చిన పని చిన్నదన్నమాట, లేదా ఏం చేయాలో వాళ్లకు తెలియలేదన్నమాట. రెండింట్లో ఏదో తెలియాలంటే వాళ్ల నోట్సు చూడండి. పూర్తి చేసి కూర్చున్నారా, మొదలే పెట్టలేదా?

తండా పిల్లల విషయంలో ఇంకొకటి. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, 2022-23 నుంచి చేతిలో ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉన్న పుస్తకం. టీచరు తెలుగులో ఒక పని చెప్పగానే పిల్లలు ఒకరితో ఒకరు లంబాడీలో ఏమనుకుంటారో గమనించండి. చాలాసార్లు ఒక పిల్ల మిగతావాళ్లకు తర్జుమా చేసి చెబుతూ ఉంటుంది. అది అల్లరి కాదు. ఆ పిల్ల ఎవరో, ఏ మాట దగ్గర తర్జుమా కావలసి వచ్చిందో రాస్తే ఆ మాటే మరుసటి రోజు ముందుగా నేర్పవలసిన మాట.

అదీ కుదరకపోతే ఫోను కిటికీలో పెట్టి గొంతు మాత్రం రికార్డు చేసి సాయంత్రం ఇద్దరూ వినండి. పిల్లల వీడియోలు మాత్రం ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి.

ప్రశ్న: నాకంటే పదిహేనేళ్లు సీనియర్ అయిన మేడం క్లాసు చూడమన్నారు. ఆమె నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? పైగా ఆమెది తెలుగు, నాది బయాలజీ.
– వనపర్తి

జవాబు: ముందు మీ క్లాసుకు ఆమెను పిలవండి. "మేడం, నా క్లాసులో వెనక పిల్లలు ఎందుకు మాట్లాడటం లేదో కొంచెం చూసి చెప్పండి" అని అడగండి. ఆమె రెండుసార్లు వచ్చాక మీరు వెళ్లండి. వెళ్లాక సలహా ఇవ్వకండి. కాగితం ఇచ్చి "మీరు అనుకున్నట్టే జరిగిందా మేడం?" అని అడగండి. లోపం ఉంటే ఆమెకే కనిపిస్తుంది, ఆమె నోటితోనే వస్తుంది.

సబ్జెక్టు వేరు కావడం ప్రశ్నలు, ఎదురుచూపు, బోర్డు వాడకం చూడటానికి అడ్డు కాదు. మంచిదే కూడా, పాఠంలోకి జారిపోకుండా పిల్లల్ని చూస్తారు. విషయంలో తప్పులు పట్టడానికి మాత్రం అదే సబ్జెక్టు వాళ్లు కావాలి, దానికి స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్ (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశం) సరైన చోటు. ఉదాహరణకు మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయని ఎవరైనా చెబితే అది తప్పు. అవి పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటాయి. పగలు కిరణజన్య సంయోగక్రియ ఎక్కువ కావడంతో బయటికి ఆక్సిజన్ వస్తుంది. ఇలాంటిది పిల్లల ముందు ఎత్తకండి, అలాగని దాచకండి. ఆ రోజే ఒంటరిగా చెబితే తర్వాతి పీరియడ్‌లో వారే సరిచేసుకుంటారు.

ప్రశ్న: ఇరవై అంశాలు, ఒక్కోదానికి అయిదు మార్కులతో పరిశీలన ఫారం తయారు చేశాను. టీచర్లు ఇష్టపడటం లేదు. అందరికీ నూటికి తొంభై పైనే వేసుకుంటున్నారు.
– ప్రధానోపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్

జవాబు: మార్కులు తీసేయండి. తోటివారికి మార్కులు వేయమంటే తక్కువ ఎవరూ వేయరు, వేస్తే స్టాఫ్ రూములో మాటలు ఉండవు. మార్కు ఉన్న చోట అది ఇన్‌స్పెక్షన్. మీ ఇన్‌స్పెక్షన్ మీరు విడిగా చేయండి, అది మీ బాధ్యత. ఈ కాగితాలు మాత్రం పాఠం చెప్పినవారి సొత్తు. ఆఫీసులో ఏ తేదీన ఎవరు ఎవరి క్లాసుకు వెళ్లారన్న ఒక్క వరుస ఉంటే చాలు.

మీరు చేయగలిగిన పెద్ద సాయం టైం. ముందురోజు పది నిమిషాలు, క్లాసు 45, తర్వాత ఇరవై: మొత్తం 75 నిమిషాలు. తొమ్మిది మంది టీచర్లుంటే నెలకు తొమ్మిది పీరియడ్లు. లీజర్ పీరియడ్లు కలిసేలా జతలు వేసి టైం టేబుల్ పక్కనే అంటించండి. సెలవు పెట్టినవారి క్లాసుకు ఆ లీజర్‌ను వాడేస్తే ఆ నెల పరిశీలన పోయినట్టే. కాబట్టి జతల పీరియడ్లను అడ్జస్ట్‌మెంట్‌కు తాకవద్దు. జూలైలో మొదలుపెట్టి పదో తరగతి స్పెషల్ క్లాసుల ఒత్తిడి రాకముందే మూడు విడతలు ముగించండి. జాతీయ విద్యా విధానం 2020 ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాసం ఉండాలంటోంది. బడి దాటకుండా, ఖర్చు లేకుండా దొరికే గంటలు ఇవి. మొదటి జతలో మీ పేరే వేయండి, మీ క్లాసుకు వాళ్లను రమ్మనండి.

ప్రశ్న: కొత్త మనిషి వచ్చి కూర్చుంటే పిల్లలు బిగుసుకుపోతారు కదా? చూసింది నిజమెలా అవుతుంది?
– గద్వాల

జవాబు: మొదటి పది నిమిషాలు బిగుసుకుంటారు. ఆ పది నిమిషాల రాతను లెక్కలోకి తీసుకోకండి. ఎందుకు వచ్చారో టీచరే ముందు ఒక్క మాట చెప్పాలి: "మేడం నా పాఠం చూడటానికి వచ్చారు, మిమ్మల్ని కాదు." వెనక బెంచీలో కూర్చుంటే వీపులే కనిపిస్తాయి, పక్క గోడ దగ్గర ముఖాలు కనిపించే చోట కూర్చోండి. పిల్లలు అడిగినా జవాబు చెప్పకండి. మీ వైపు సీడ్ పత్తి క్రాసింగ్ (విత్తనాల కోసం పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) రోజుల్లో హాజరు పలచబడుతుంది. అప్పుడు గీసిన గడుల కాగితాన్ని, నిండు క్లాసులో గీసినదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి. రానివాళ్ల గడుల్లో అడ్డగీత కొట్టి పెట్టుకోండి, వాళ్లు తిరిగి వచ్చిన వారంలో ఆ గడులనే ముందు చూడండి.