వలస మీద బొమ్మలేస్తనన్న బిడ్డకు పెద్దనాయిన రాసేది

బిడ్డా,

నీ మెసేజ్ మొన్ననే చూసిన, ఫోన్ల టైప్ చేసుడంటే నాకు జర ఆలస్యమైతది. మీ పెద్దమ్మ అయితే ఒక వాయిస్ పెట్టి ఊకోరాదు అన్నది, గాని వాయిస్‌ల నేను మొదలువెడ్తే యాడికో పోత, అందుకే కూసొని రాస్తున్న. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు పాలమూరు వలస తీసుకున్నవంట, మంచిది. పంపిన స్కెచ్చులు గూడ చూసిన. పగిలిన కాళ్లు, ఎండిన చెరువు, నెత్తి మీద మూటతోని ఎనుకకు మళ్లి చూస్తున్న ఆడమనిషి. చెయ్యి బాగ తిరిగింది నీకు, అండ్ల అనుమానం లేదు. గాని ఆ బొమ్మలు నువ్వు పాలమూరు మొఖం చూడకుండనే ఎయ్యొచ్చు బిడ్డా, కరోనా అప్పుడు పేపర్లల్ల, ఫోన్లల్ల ఒచ్చిన ఫోటోలు చూస్తే సాలు. అవి చూసి అయ్యో అన్నోళ్లంత వారం దినాలకు మర్చిపోయిండ్రు, నీ బొమ్మలకు ఆ గతి పట్టొద్దనే ఇదంత.

నీకెరికే గద, నేను ఆర్టీసీల కండక్టర్‌గ ఉన్నప్పుడు శానా ఏండ్లు బొంబాయి బస్సు మీదనే డ్యూటీ పడ్డది. గుల్బర్గా, సోలాపూర్, పుణె మీదికెళ్లి పోతుండె బండి. దానికంటె ముందు అక్షరాస్యత కళాజాతాలల్ల గజ్జెకట్టి ఊరూరు తిరిగిన. ఆట పాటలల్ల వలస గురించి మేము చెప్పింది ఒకటి, బస్సుల నా కండ్ల ముందర కనవడ్డది ఒకటి. స్టేజీ మీద ఏడ్పిచ్చుడు అల్కగ ఉంటుండె. బస్సుల ఎవ్వరు అంత ఏడ్వకపోతుండ్రి, కోస్గి దాటినంక రొట్టెల మూట ఇప్పి తింటుండ్రి, పక్క సీటోనికి గూడ పెడుతుండ్రి, బస్సు నిండ ఎల్లిపాయ కారం వాసన.

అందుకే ముందుగాల సామాన్లు చూడు. పోయేటప్పుడు బియ్యం సంచి, బొంతలు, కారంపొడి డబ్బ, చింతపండు, గోనెపట్ట సుట్టిన గడ్డపార, ఒకటి రెండు సత్తు గిన్నెలు. పండుగకు ఒచ్చేటప్పుడు ప్లాస్టిక్ బకెట్లు, కొత్త స్టీలు బిందె, పిలగానికి ఆడుకునే సైకిలు, దాన్ని పైన కట్టాలె సార్ అని నాతోని లొల్లి. పీర్ల పండుగకు, కురుమూర్తి జాతరకు బస్సులన్ని గిట్లనే నిండి ఒస్తుండె. పండుగ లేని రోజు, చేతుల ఒక్క చిన్న సంచి పట్టుకొని ఒస్తున్నోడు కనవడ్డడనుకో, వానికి పానం బాగలేదన్నట్టు, లేకుంటె ఊర్ల ఎవరో పోయినట్టు, లేకుంటె కూలీలను పనికి తీస్కపోయే మేస్త్రి కాడికెళ్లి రాత్రికి రాత్రి తప్పించుకొని ఒస్తున్నట్టు. అడిగినా చెప్పకపోతుండ్రి. సీట్ల కూసున్న తీరు చూస్తే నాకు సమజైతుండె. సంచి ఎంత పెద్దగున్నది, ఏ నెలల ఒస్తున్నది, ఈ రెండు పట్టుకొని నువ్వు వరుసగ పది బొమ్మలెయ్యొచ్చు, ఒక్క మనిషి మొఖం గూడ చూపియ్యకుండ.

ఇంకొకటి, హాఫ్ టికెట్. అయిదేండ్లు నిండితే హాఫ్ టికెట్ కొట్టాలె. తల్లి ఏమో నాలుగేండ్లే సార్ అంటది, ఆ పోరడు ఊకుంటడా, నేను రెండో తరగతి అని గట్టిగ చెప్తడు. బస్సుల అందరు నవ్వుతరు, తల్లి వాని తొడమీద గిల్లుతది, నేను ఒక్కోపారి కొడుదును ఒక్కోపారి ఇడిసిపెడుదును. గాని ఒక్కటి ఆలోచన చెయ్, రెండో తరగతి పిలగాడు బడి నడిచే దినాలల్ల బొంబాయి బస్సుల ఎందుకున్నడు? నవ్వొచ్చే సంగతి, దాని కిందనే గుండె కలుక్కుమనే సంగతి, రెండు ఒక్కతాననే ఉంటయ్. నీ స్కెచ్చులల్ల నవ్వేటోళ్లు ఒక్కలు గూడ లేరేంది? పాలమూరోళ్లు నవ్వరా ఏంది?

ఇగ అసలు కష్టం యాడున్నదంటే లెక్కల ఉన్నది. మేస్త్రి అడ్వాన్సు ఇస్తడు, పెండ్లికో, బోరు ఏపిచ్చిన అప్పుకో, దావఖానకో. శానా గుంపులల్ల ఆలుమొగలను జోడిగ లెక్కవెడ్తరు. ఆ అడ్వాన్సు తీరెదాంక చెయ్యాలె. మేస్త్రి బుక్కు ఎప్పుడన్న చూసినవా? నేను చూసిన, నా పక్క సీట్లనే కూసుండె ఒకాయన, సన్నగ పొడుగు బుక్కు, ఎర్ర అట్ట, మడతకాడ నూనె మరకలు. ఒక్కొక్క పేజీకి ఒక్కొక్క పేరు, కింద తిండికి ఇంత, సూదిమందుకు ఇంత, ఊరికి పోయొచ్చిన నాగాలకు ఇంత అని కోతలు, అడుగున నీలి సిరా ఏలిముద్ర. ఏలిముద్ర ఏసినోనికి ఆ పేజీల ఏమున్నదో తెల్వదు. 1979ల అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఒచ్చింది, కూలీకి పాస్ బుక్కు ఇయ్యాలె, అండ్ల కూలి ఎంత, కోతలు ఎంత రాయాలె, పోయొచ్చే ఖర్చులు కాంట్రాక్టరే పెట్టుకోవాలె అని ఆ చట్టంల ఉండె. నా బస్సు ఎక్కినోళ్లల్ల ఆ పాస్ బుక్కు చేతుల పట్టుకున్నోన్ని నేను చూడలే. నువ్వు నిజంగ ఏదన్న ఎయ్యాలనుకుంటే ఆ ఎర్ర బుక్కు ఒక పేజీ గోడంత పెద్దగ ఎయ్యి. పేర్లు మాత్రం మార్చు.

పాత సంగతులు గూడ జర చదువుకో, లేకుంటె వలస అంటే నిన్న మొన్న మొదలైందనుకుంటరు. బొంబాయిల కామాఠీపుర అనే పేరే తెలంగాణ దిక్కునుంచి పోయిన కామాఠీ కూలీల మీద పడ్డది, అది బ్రిటిషోళ్ల కాలం ముచ్చట. 1955ల నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసినంక అక్కడ మట్టి మోసినోళ్లల్ల మనోళ్లున్నరు, అటెంక టెలిఫోన్ కేబుల్ కాలువలు దేశం మొత్తం తిరిగి తవ్విండ్రు. కృష్ణ మన పాత పాలమూరు జిల్లలనే తెలంగాణకు అడుగువెడ్తది, ఆ నది ఒడ్డు ఊర్లకెళ్లే మంది బస్సెక్కిండ్రు, ఎందుకంటే నీళ్లు కింద పారుతయ్, పొలాలు మీదుంటయ్, ఎత్తిపోసుకునే మోటర్లు శానా ఆలస్యంగ ఒచ్చినయ్. శ్రీశైలం డ్యాం నిండితే మునిగిన ఊర్లు గూడ మనయే. ఇది చాలు, ప్రాజెక్టుల ఇంత కంటె చరిత్ర పెడ్తే మీ సార్లకు నిద్రొస్తది.

నువ్వు లింకు పంపినవ్ గద ఆ అమెరికా నల్లజాతి పెయింటర్‌ది, జాకబ్ లారెన్స్, అది మొత్తం చూసిన. 1940-41ల ఏసిండంట, 60 బొమ్మలు, ఏసినప్పుడు ఆయనకు ఇరవై మూడేండ్లు, నీ కంటె ఒకటి రెండేండ్లు పెద్ద. దక్షిణం దిక్కు పొలాలు ఇడిసి ఉత్తరం దిక్కు పట్నాలకు పోయిన మంది కథ. మొదటి బొమ్మలనే రైల్వే స్టేషన్, మూడు ఊర్ల పేర్ల బోర్డుల కింద తోసుకుంట పోయే జనం. అది చూస్తే మన బస్టాండే గుర్తొచ్చింది. నాకు బాగ నచ్చిందేందంటే ప్రతి బొమ్మ కింద ఒక్క చిన్న మాట, కవిత్వం గాదు, ఉన్నదున్నట్టు సంగతి. నువ్వు నీ స్కెచ్చు కింద రాసిన నాలుగు లైన్ల కవిత్వం తీసెయ్, దాని జాగల "అడ్వాన్సు ఇంత, పట్టింది ఇంత, చేతికొచ్చింది ఇంత" అని రాయి.

2020ల కలకత్తాల బరిషా క్లబ్ దుర్గమ్మను గూడ చూసే ఉంటవ్, చంటిపిల్లను ఎత్తుకున్న వలసకూలి తల్లి లెక్క చేసిండ్రు, పల్లబ్ భౌమిక్ అని శిల్పి. మస్తు చేసిండు. అయితే నాకు ఒక డౌటు, ఆ పందిరి కట్టిన కూలీలు ఏ ఊరోళ్లో, వాళ్లకు దసరాకు ఇంటికి పోయే పైసలు ముట్టినయో లేదో, నేను చూసిన ఒక్క పేపర్ల గూడ రాలే. నీ ఎగ్జిబిషన్‌ల గోడకు మేకు కొట్టేటోని ఊరు ఏందో అడుగు. నవ్వకు, నిజంగనే అంటున్న.

మనకాడికే వద్దాం. లింగాల మండలం ఔసలికుంట దర్శనం మొగులయ్య, 12 మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం వాయించే ఆయన, ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథ ఆయన నోట ఇంటే ఒళ్లు పులకరిస్తది. 2022ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. 2024ల హైదరాబాద్ పక్కన తుర్కయంజాల్ కాడ ఇల్లు కట్టే తాన కూలికి చేస్తున్నడని పేపర్లల్ల ఒచ్చింది. నీ ప్రాజెక్టు కాయితంల కళ అని ఒక డబ్బ, వలస అని ఒక డబ్బ గీసుకున్నవ్ గద, ఆ ముసలాయన ఏ డబ్బల పడ్తడు చెప్పు. కిన్నెరోళ్లు, బుడిగజంగాలోళ్లు ముందు నుంచే ఊరూరు తిరిగి బతికేటోళ్లు. ఊర్లల్ల ఇనేటోళ్లే బస్సెక్కి పోతే ఆ కథ ఎవనికి చెప్పాలె, గింజలు ఎవడు పెడ్తడు? ఇంకొకటి, బొంబాయి సైట్ల మీద మనోళ్లు కట్టిన కొత్త పాటలు గూడ ఉన్నయ్, తట్ట అందిచ్చుకుంట పాడేటియి, ఆడోళ్లే కడ్తరు, మేస్త్రిని తిట్టేటియి ఎక్కువ. అవి ఏ బుక్కులల్ల దొరకవు, ఊర్ల పెద్ద ఆడోళ్లను అడుగు. రికార్డ్ చేసుకునేటప్పుడు చెప్పి చేసుకో, దొంగతనంగ ఫోన్ పక్కన పెట్టకు.

పాలమూరుకు రాకముందు నీ హాస్టల్ కాడి అపార్ట్‌మెంట్లు ఒక్కపారి చూసుకో. అండ్ల వాచ్‌మన్ ఎవరు? హైదరాబాద్‌ల శానా అపార్ట్‌మెంట్లకు మనోళ్లే కాపలా. సెల్లార్ల మెట్ల కింద ఒక్క రూము, పొయ్యి, దేవుని పటం, పైనికెళ్లి నీళ్ల పైపు. పిలగాడు ఎవరిదో పార్క్ చేసిన స్కూటీ సీటు మీద నోట్‌బుక్ పెట్టుకొని హోంవర్క్ రాస్తుంటడు, ఓనర్ ఒస్తున్న సప్పుడైతే బుక్కు తీసి పక్కకు నిలవడ్తడు. రోజు నువ్వు అటే పోతుంటవ్. పోయి కష్టాలు చెప్పమ్మా అనకు, ఎవ్వరు చెప్పరు, చెప్పినా నీకు కావల్సినట్టు చెప్తరు. ఏ ఊరక్కా, ఇయాల ఏం కూర, ఊర్ల ఇల్లు ఎవరు చూసుకుంటున్నరు అని అడుగు. మూడో మాటకు ముసలి అత్త సంగతొస్తది, నాలుగో మాటకు అప్పు సంగతొస్తది. ఊరు తెలిస్తే మనకు చుట్టరికం గూడ కలుస్తది చూడు.

ఇప్పుడు ఇంకో కథ నడుస్తున్నది, ఇది ఇడిసిపెట్టకు. మిర్యాలగూడ రైస్ మిల్లులల్ల మూటలు మోసేది బీహారోళ్లు. నాట్లెయ్యనీకె గూడ నల్గొండ దిక్కు బీహార్, బెంగాల్‌కెళ్లి గుంపులొస్తున్నయ్, తాడు పట్టి వరుసగ నాటుకుంట పోతరు, మొగోళ్లే నాటుతరు, మన ఆడోళ్లు గట్టు మీద నిలవడి వింతగ చూస్తరు. లాక్‌డౌన్‌ల దేశంల మొట్టమొదటి శ్రామిక్ రైలు పోయింది గూడ మన లింగంపల్లి నుంచే, 2020 మే 1న, జార్ఖండ్ హటియాకు, కంది కాడ ఐఐటీ కట్టే కూలీలు ఎక్కిండ్రు. బొంబాయిల ఇరవై ఏండ్లు మట్టి మోసి ఒచ్చిన మనోడే, ఇయాల హోటల్ కాడ బీహారోన్ని "అరేయ్" అని పిలుస్తుంటే నా చెవులతోని ఇన్న. అడిగితే ఏమన్నడో ఎర్కనా, మమ్మల్ని గూడ గట్లనే పిలిచిండ్రు సార్ అన్నడు, మామూలు ముచ్చట లెక్క. ఆ మాటను బొమ్మల ఎట్ల పెడ్తవో నాకు తెల్వదు, అది నీ పని. గాని వలస మీద నీ ప్రాజెక్టుల ఈ హోటల్ లేకపోతే మాత్రం అది సగమే.

కొన్ని జాగ్రత్తలు చెప్త. మొఖం కనవడే ఫోటో తీసి ఇన్‌స్టాల పెట్టకు, మేస్త్రి చూసిండంటే మల్లా పనికి పిలువడు. ఒక మనిషిని పొద్దంత కూసోపెట్టి బొమ్మ ఏస్తే ఆ రోజు కూలి చేతుల పెట్టు, ఒద్దంటరు, అయినా పెట్టు. పొద్దున కూలీల అడ్డా మీదికి పోయి నిలవడకు, పనికి పిలిచేటోళ్లనుకొని పది మంది ఉరికొస్తరు, అది పాపం. పని దొరకక పదింటికి గూడ అక్కడ్నే కూసున్నోళ్లు ఉంటరు, వాళ్ల తోటి ఛాయ తాగు. బొమ్మలు అయినంక కాలేజీల కంటె ముందు ఊర్ల పెట్టు, పంచాయతీ ఆఫీసు గోడకో, బస్టాండ్‌లనో. మనోళ్లు తప్పులు పట్టుడుల ఫస్ట్, గడ్డపార పట్టిన తీరు తప్పుంటే అక్కడ్నే మొఖం మీద చెప్తరు, మీ సార్లకు అది తెల్వదు.

పీర్ల పండుగకు రా. బొంబాయోళ్లు, పుణె వాళ్లు అందరు ఊర్లనే ఉంటరు, రాత్రంత అలావ నిప్పుల గుండం కాడ ఎవ్వరు పండుకోరు, ముచ్చట్లు వాటంతటవే ఒస్తయ్. ఆ ఎర్ర బుక్కు మేస్త్రి ఇప్పుడు పని మానేసిండు, మన పక్కూరే, పోదాం. రెండు దినాల ముందు ఫోన్ చెయ్యి, పొద్దున పూట నా ఫోన్ మీ పెద్దమ్మ కాడ ఉంటది. స్కెచ్ బుక్కు పెద్దది తేకు, చిన్నది తే, పెద్దది చూస్తే మంది సర్దుకొని కూసుంటరు.

మీ పెద్దనాయిన