రెండు కేవీలు కలిపితే లెక్క ఎందుకు తప్పింది?

ప్రశ్న: మా లైనులో గంటకు 20 ఘనపు మీటర్ల నీళ్లు పోతున్నాయి. స్ట్రెయినర్ (నీళ్లలో చెత్తను ఆపే జల్లెడ పెట్టె) కేవీ, అంటే ఎంత నీరు దాటనిస్తుందో చెప్పే అంకె, 40; దాని తర్వాత పూర్తిగా తెరిచి ఉన్న కంట్రోల్ వాల్వ్ కేవీ 25. రెండూ కలిపి 65 అనుకుని లెక్క కడితే ప్రెషర్ డ్రాప్ 0.1 బార్ కూడా రాలేదు. గేజీల్లో మాత్రం 0.9 బార్ కనిపిస్తోంది. వాల్వ్ మార్చేయమంటున్నారు. మార్చాలా?

జవాబు: వద్దండీ, ఆగండి. గేజీలు నిజమే చెబుతున్నాయి. 1 బార్ తేడా ఉన్నప్పుడు గంటకు ఎన్ని ఘనపు మీటర్ల నీళ్లు దాటతాయో అదే కేవీ. నీళ్లు చీలి రెండు పక్క దారుల్లో పోతుంటే కేవీలు కలపొచ్చు. మీవి ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. అవే నీళ్లు రెండింటినీ దాటాలి కాబట్టి కలపాల్సింది డ్రాపులను. ప్రవాహం 20ని కేవీ 40తో భాగించి వర్గం చేస్తే స్ట్రెయినర్ డ్రాప్ 0.25 బార్. 25తో భాగించి చేస్తే వాల్వ్‌ది 0.64. మొత్తం 0.89. మీ గేజీ చూపింది అదేగా! రెండింటికీ కలిపి కేవీ సుమారు 21, అంటే చిన్నదానికన్నా తక్కువ.

కేటలాగులో సీవీ అని ఉందేమో కూడా చూసుకోండి. అది 1 పీఎస్‌ఐ (బార్ లాగే పీడనానికి ఒక కొలత) తేడాకి నిమిషానికి అమెరికన్ గ్యాలన్ల లెక్క. 0.865తో గుణిస్తే కేవీ వస్తుంది.

వాల్వ్‌ను అనుమానించే ముందు స్ట్రెయినర్ చూడమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక కొత్త లైనులో ప్రవాహం సగానికి పడిపోతే, రెండు రోజులు వాల్వ్‌నే విప్పి బిగించాం. మూడో రోజు స్ట్రెయినర్ మూత తీస్తే జల్లెడ నిండా వెల్డింగ్ స్లాగ్ (వెల్డింగ్‌లో రాలే తుక్కు), ఒక గ్యాస్కెట్ ముక్క. కేటలాగులోని కేవీ శుభ్రమైన జల్లెడది. మంచి స్ట్రెయినర్‌లో జల్లెడ రంధ్రాల మొత్తం వైశాల్యం పైపు నోటికి కొన్ని రెట్లు ఉంటుంది, అందుకే సగం మూసుకుపోయినా డ్రాప్ పెద్దగా కదలదు. ఆ తర్వాత ఒక్కసారిగా ఎగబాకుతుంది. కేవీ 40 నుంచి 20కి పడితే అదే ప్రవాహానికి 0.25 బార్ కాస్తా 1 బార్ అవుతుంది.

స్ట్రెయినర్‌కు రెండు వైపులా కాక్‌లు (చిన్న కుళాయిలు) పెట్టి, ఒకే గేజీతో మార్చి మార్చి చూడండి. గేజీ తప్పు రెండు రీడింగుల్లోనూ ఒకటే కాబట్టి తేడాలో దాదాపు పోతుంది. జల్లెడ కడిగిన రోజు రీడింగు రాసిపెట్టుకోండి, పక్కనే ఆ వేళ ప్రవాహం ఎంతో కూడా రాయండి. గంటకు 10 ఘనపు మీటర్లే పోతుంటే శుభ్రమైన జల్లెడ దగ్గర 0.06 బారే రావాలి. అప్పుడూ 0.25 కనిపిస్తే వెంటనే మూత తీయండి.