ముందు గ్రైండర్ కొనండి, గది తర్వాత చూద్దాం

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లోనే ఇడ్లీ, దోసె పిండి రుబ్బి రెండేళ్లుగా అమ్ముతున్నాను. రోజుకు 15 కిలోలు పోతుంది. కిలో 60 రూపాయలు. పప్పు, బియ్యం ఖర్చు కిలోకు 30 తీసేస్తే నెలకు 13,500 మిగులుతోంది. మావారిది ప్రైవేటు ఉద్యోగం, జీతం 18,000. బస్టాండు దగ్గర ఒక గది చూశాం. అద్దె 8,000, అడ్వాన్సు 80,000. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో ఒక హోటల్ ఆయన రోజూ 20 కిలోలు కావాలంటున్నారు. కిలోకు 48 ఇస్తారట, డబ్బు 15 రోజులకోసారి. నా దగ్గర 1,60,000 ఉంది, 5 తులాల బంగారం ఉంది. మా పెదనాన్నగారి అబ్బాయి రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు ఇస్తానంటున్నాడు. పదో తారీఖులోగా అడ్వాన్సు కట్టమంటున్నారు. షాపు మా ఊళ్లో పెట్టాలా, పాతపట్నంలో పెట్టాలా?
ఒక సోదరి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, అప్పు చేసి షాపు తెరిచి, ఎవరైనా వస్తారా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను. మీకు ఆ పరిస్థితి లేదు. రోజూ వచ్చి కొనేవాళ్లు ముందే ఉన్నారు. అందుకే ఆ బస్టాండు గది గురించి చదవగానే నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ గది తీసుకోవద్దు.

ముందు మీ మిగులు లెక్క సరిచేద్దాం. కిలోకు 30 మిగులుతోందన్నారు. కవరుకు 3 రూపాయలు, కరెంటుకు 2, ఇల్లిల్లూ తిరిగి ఇవ్వడానికి పెట్రోలుకు 2 వేసుకోండి. ఖర్చు 37 అవుతుంది, మిగిలేది 23. పండగలు, ఒంట్లో బాగోని రోజులు తీసేస్తే నెలకు 26 రోజులు రుబ్బుతారనుకుందాం. 15 కిలోలు, 23 రూపాయలు, 26 రోజులు గుణిస్తే 8,970 వస్తుంది. తెల్లవారుజామున లేచి చేసే మీ చాకిరీకి ఇందులో ఇంకా కూలి వేయలేదు. 13,500కీ 8,970కీ ఉన్న తేడా మీ ఇంటి సరుకుల్లో, మీవారి జీతంలో కలిసిపోతోంది. మీకు తెలియడం లేదంతే.

ఇప్పుడు గది సంగతి. అద్దె 8,000, ఒక మనిషిని పెట్టుకుంటే 7,000, షాపు మీటరు కరెంటు 2,000 అనుకుంటే నెలకు 17,000. ఆ డబ్బు రావాలంటే ఇప్పుడు అమ్ముతున్నదానిపైన రోజుకు ఇంకో 29 కిలోలు అమ్మాలి. అంటే 44 కిలోలు రుబ్బితే, ఇవాళ ఇంట్లో 15 కిలోలకు మిగులుతున్నదే అక్కడా మిగులుతుంది. 80,000 అడ్వాన్సు మాత్రం యజమాని దగ్గర పైసా వడ్డీ లేకుండా పడి ఉంటుంది. అయినా బస్టాండులో దిగినవాళ్లు టిఫిన్ తింటారు గానీ పిండి కొనుక్కోరు. మీ పిండి కొనేది సాయంత్రం కూరగాయలు తీసుకుని ఇంటికెళ్లే ఆడవాళ్లు. వాళ్లు నడిచే వీధిలోనే మీ డబ్బా ఉండాలి.

మా వదిన బరంపురంలో ఇదే పొరపాటు చేసింది. ఫిబ్రవరిలో గది తీసుకుంది. మే నెలలో ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి స్టీలు డబ్బా మూతలు వాటంతట అవే లేచి ఉన్నాయి. పిండి పొంగి బల్ల మీంచి కిందికి జారుతోంది, గదంతా పులిసిన వాసన. ఫ్రీజర్ కొనాల్సిన డబ్బంతా అడ్వాన్సుకు పోయింది మరి. మర్నాడు 12 కిలోలు కాలవలో పోసింది. ఎనిమిది నెలలకు ఖాళీ చేసినప్పుడు గది యజమాని అడ్వాన్సులో సగం కూడా తిరిగి ఇవ్వలేదు. అంతా నోటిమాట మీద నడిచింది, అడగడానికి కాగితం లేదు. మీరు ఎప్పుడు ఏ గది తీసుకున్నా అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన ఎన్నాళ్లకు తిరిగి ఇస్తారు అన్నవి అగ్రిమెంటులో రాయించుకోండి.

పాతపట్నం గురించి కాస్త వివరంగా చెప్పాలి. నౌపడా–గుణుపురం రైలు రెండు ఊళ్లలోనూ ఆగుతుంది. చుట్టాలు అటూ ఇటూ ఉంటారు, పెళ్లిళ్లూ అటూ ఇటూ జరుగుతాయి. మనకు అది పక్క ఊరు. పన్నుల చట్టానికి అది వేరే రాష్ట్రం. ఒడిశాలో సరుకు అమ్మే చిన్న వ్యాపారికి ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ పన్ను పడే సరుకును ఇంకో రాష్ట్రానికి సరఫరా చేస్తే ఆ వెసులుబాటు వర్తించదు, మొదటి కిలో నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇడ్లీ, దోసె పిండి పన్ను పడే సరుకే. అమ్మకం మీద చిన్న శాతం పన్ను కట్టి సరిపెట్టే, చిన్నవాళ్లకు తేలికగా ఉండే కాంపోజిషన్ పద్ధతి కూడా పక్క రాష్ట్రానికి అమ్మేవాళ్లకు కుదరదు. ఇక రిటర్నులు వేయాలి, వాటికి మనిషిని పెట్టుకోవాలి, ఆ ఖర్చు వేరే.

అదంతా పక్కన పెట్టినా ఆ బేరం నాకు నచ్చలేదు. హోటల్‌కు కవర్లు అక్కర్లేదు కాబట్టి ఖర్చు 34 అనుకుంటే కిలోకు మిగిలేది 14. నెలంతా రోజూ 20 కిలోలు వేస్తే 8,400. 15 రోజుల అరువులో ఆయన దగ్గర ఎప్పుడూ ఉండిపోయే మీ డబ్బు 14,400. ఒక్క వాయిదా ఎగ్గొట్టినా నెలన్నర కష్టం పోయినట్టే. ఆయన మంచివారే కావచ్చు. కానీ మీ మొత్తం అమ్మకంలో సగానికి పైగా ఒక్కరి చేతిలో ఉంటే, రేపు ధర తగ్గించమన్నా మీరు కాదనలేరు.

షాపు పాతపట్నంలోనే పెడదామంటే ఆహార రిజిస్ట్రేషన్ నుంచి లైసెన్సు దాకా అన్నీ ఆంధ్ర అడ్రసుతో తీసుకోవాలి. మీ ఆధార్, బ్యాంకు ఖాతా, మీ పేరు తెలిసిన ఇళ్లు అన్నీ పర్లాకిమిడిలో ఉన్నాయి. అక్కడే ఉండండి.

మరి అమ్మకం ఎలా పెరగాలి? మీ ఉత్తరంలో ఒడియా ఇళ్ల ప్రస్తావన లేకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. చకుళి పీఠా అంటే ఏమిటి? బియ్యం, మినప్పప్పు రుబ్బి పోసే అట్టే కదా! మీ దోసె పిండితో వాళ్లకు చకుళి వచ్చేస్తుంది. మార్గశిరంలో గురువారాలు మాణబసా లక్ష్మీ పూజకు పీఠాలు, అంటే పిండివంటలు చేస్తారు. జూన్‌లో రజ పండగ మూడు రోజులూ రుబ్బడం, నూరడం చేయరు, ముందురోజే పిండి సిద్ధం చేసుకుంటారు. ఆ రోజులు క్యాలెండరులో గుర్తు పెట్టుకుని పదిరోజుల ముందే ఇంటింటికీ చెప్పండి. డబ్బా మీద, బోర్డు మీద ఒడియాలో రాయించండి, కింద తెలుగు ఉండనివ్వండి. మీ చుట్టుపక్కల నాలుగు కిరాణా కొట్లు ఎంచుకుని కిలోకు 5 రూపాయలు వాళ్లకిచ్చి పిండి పెట్టించండి. మీకు 18 మిగిలినా అద్దె లేదు.

కొనాల్సినవి: పెద్ద టిల్టింగ్ (వంచి పిండి తీసుకునే) గ్రైండర్ 32,000, ఫ్రీజర్ 24,000, స్టీలు డబ్బాలు 9,000, కవర్లు అతికించే మిషను 3,000 దగ్గర చూడండి. మొత్తం 68,000. మీ పొదుపులోంచి ఇది తీశాక 92,000 ఉంటుంది. అందులో 45,000 ఇంటి అవసరానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి మర్చిపోండి, మిగిలింది సరుకుకు. అంటే ఇప్పుడు మీకు అప్పే అక్కర్లేదు.

అన్నయ్య ఇచ్చే డబ్బు గురించి మాత్రం చెప్పాలి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షకు నెలకు 2,000 చొప్పున మూడేళ్లు కడితే 72,000 అవుతుంది, లక్ష అసలు అలాగే ఉంటుంది. అదే లక్ష బ్యాంకులో 12 శాతానికి తీసుకుంటే నెలకు 3,321 చొప్పున మూడేళ్లలో అసలు, వడ్డీ రెండూ తీరిపోతాయి. పైగా చుట్టరికం దెబ్బతినదు. రేపు నిజంగా అవసరం పడితే బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణం అడగండి. 50,000 దాకా ఇచ్చేదాన్ని శిశు, ఆపైన 5 లక్షల దాకా ఇచ్చేదాన్ని కిశోర్ అంటారు, తాకట్టు లేదు. అది ఆలస్యమైతే ఆ 5 తులాల్లో కొంత బ్యాంకులో పెట్టడం కూడా ఆ రెండు రూపాయల వడ్డీ అప్పు కంటే నయమే.

పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకంలో చిన్న ఆహార తయారీ యూనిట్లకు 35 శాతం సబ్సిడీ ఉంది, పరిమితి 10 లక్షలు. జిల్లా పరిశ్రమల కేంద్రంలో దరఖాస్తులు తీసుకుంటున్నారేమో అడగండి. కానీ సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే ఉండి తర్వాత అప్పులో సర్దుబాటు అవుతుంది. దానికోసం 68,000 పనిని 5 లక్షల ప్రాజెక్టుగా రాయించే మధ్యవర్తి వస్తే గుమ్మం దగ్గరే పంపించేయండి.

ఈ నెలలోనే చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి, ప్రభుత్వ పోర్టల్‌లో అది పూర్తిగా ఉచితం. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర చిన్న రిజిస్ట్రేషన్‌కు ఏడాదికి 100 రూపాయలు. పెద్ద గ్రైండర్‌ను ఇంటి మీటరు మీద నడపవచ్చో లేదో కరెంటు ఆఫీసులో ముందే అడగండి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, దానికి వేరే క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. ఒక నోటుబుక్కులో రోజూ నాలుగే అంకెలు రాయండి. రుబ్బింది, అమ్మింది, మిగిలిపోయింది, అరువు పోయింది. నెలకు మీ కూలి కింద 5,000 ఆ ఖాతాలోంచి మీరే తీసుకోండి.

రోజుకు 45 కిలోలు వరసగా మూడు నెలలు పోయాయని ఆ నోటుబుక్కు చెప్పిన రోజు గది వెతుకుదాం, అదీ ఆ ఆడవాళ్లు నడిచే వీధిలోనే. పదో తారీఖు దాకా ఆగక్కర్లేదు. గది యజమానికి రేపే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి. హోటల్ ఆయనకు మాత్రం కబురు పంపండి, పర్లాకిమిడిలో ఆయనకు తెలిసిన టిఫిన్ సెంటర్లు ఏవైనా రోజూ నగదుకు తీసుకుంటాయేమో కనుక్కోమని.