కాళ్లు కొడుతున్నా ముందుకు కదలడం లేదా? చీలమండ సంగతి చూడండి

ప్రశ్న: మాది బాపట్ల దగ్గర పల్లె. చిన్నప్పుడు నడుముకు జీలుగు బెండ్లు కట్టుకుని కాలువలో ఈత నేర్చుకున్నాను. ఇప్పుడు 44 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం, పొద్దున్నే పూల్‌కి వెళ్లి ఫ్రీస్టైల్ (బోర్లా పడుకుని చేతులు మార్చి మార్చి వేసే ఈత) నేర్చుకుంటున్నాను. చేతులు ఫర్వాలేదు కానీ కిక్ బోర్డు (చేతులతో పట్టుకునే తేలే పలక) పట్టుకుంటే మాత్రం ఎంత కొట్టినా ఉన్నచోటే ఉంటున్నాను, ఒక్కోసారి వెనక్కి పోతున్నానేమో అనిపిస్తోంది. ఫిన్స్ (పాదాలకు తొడుక్కునే, ముందు ఆకులా చాపి ఉండే రబ్బరు తొడుగులు) కొంటే బాగుపడుతుందా?

జవాబు: వెనక్కి పోతున్నానన్నది మీ భ్రమ కాదు, నిజంగానే పోతారు. పెద్దయ్యాక పూల్‌కి వచ్చేవాళ్లలో, ముఖ్యంగా బాగా నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లలో చీలమండ బిగుసుకుపోయి ఉంటుంది. పాదం వెనక్కి చాపుకోకుండా నేల మీద నిలబడ్డట్టే మడిచి ఉండిపోతే, కాలు కొట్టిన ప్రతిసారీ అది నీళ్లను వెనక్కి కాకుండా ముందుకు నెడుతుంది. ఇక ముందుకెలా పోతారు?

ఇంట్లో ఒకసారి చూసుకోండి. కాళ్లు చాపుకుని కూర్చుని, మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లను నేలవైపు వంచండి. పాదం పైభాగం దాదాపు కాలితో ఒకే వరసలోకి రావాలి. మధ్యలోనే ఆగిపోతే మీ ఇబ్బంది అక్కడే ఉంది. రోజూ కాసేపు వజ్రాసనంలో కూర్చోండి, మడమల కింద దిండు పెట్టుకున్నా తప్పులేదు. వారంలో మారిపోదు, నెలలు పడుతుంది, కానీ మారుతుంది.

రెండోది మీ కాలువ ఈత. కాలువలో తల పైకెత్తి, గట్టు చూసుకుంటూ ఈదుతాం, అక్కడ అది అవసరం కూడా. పూల్‌లో అలా తలెత్తితే నడుము కిందికి దిగుతుంది, దాంతో కాళ్లు మునుగుతాయి, మునిగిన కాళ్లను పైకి తేవాలని మనం మోకాళ్లు ముడిచి సైకిల్ తొక్కినట్టు తొక్కుతాం. కిక్ బోర్డు పట్టుకుని గడ్డం పైకి పెట్టినా ఇదే జరుగుతుంది, పైగా మెడ, నడుము నొప్పి. అందుకే బోర్డు కింది అంచు పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టండి, గాలి కావాల్సినప్పుడు మాత్రమే ఎత్తండి. కిక్ తుంటి దగ్గర మొదలవ్వాలి, మోకాలు కొంచెమే వంగాలి, పాదం వదులుగా ఉండాలి. వెల్లకిలా పడుకుని కిక్ కొట్టి చూడండి, మోకాళ్లు నీళ్లపైకి వస్తుంటే సైకిల్ తొక్కుతున్నట్టే లెక్క.

ఇక ఫిన్స్. కొనండి, కానీ వేగం కోసం కాదు. ఫిన్ ఆకు నీటి బరువుకి పాదాన్ని వెనక్కి చాపుతుంది, కాలు కిందికి కొట్టినప్పుడే కాదు, పైకి లేపినప్పుడు కూడా నీళ్లు తగులుతున్నది తెలిసేలా చేస్తుంది. సరైన కిక్ ఎలా ఉంటుందో ఒంటికి తెలియజెప్పడమే దాని పని. అందుకే ఫిన్స్‌తో నాలుగు లెంగ్త్‌లు (పూల్ ఒక కొస నుంచి రెండో కొసకి ఒక లెంగ్త్) కొట్టాక తీసేసి, వెంటనే రెండు లెంగ్త్‌లు వట్టి కాళ్లతో కొట్టండి. ఆ రెండే అసలైన సాధన, చాలామంది దాన్నే వదిలేస్తారు. గంట ఈదితే పది పదిహేను నిమిషాలకు మించి ఫిన్స్ వద్దు.

ప్రశ్న: స్కూబా వాళ్లు (గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదేవాళ్లు) వాడే పొడవు ఫిన్స్ కొన్నాను. రెండో రోజే పూల్ మధ్యలో పిక్క పట్టేసింది, భయమేసి మళ్లీ ముట్టుకోలేదు.

జవాబు: భయపడటం సహజం. తప్పు మీది కాదు, ఆ ఫిన్స్ మీకు సరిపడవు, అంతే. పొడవు ఆకు ఉన్నవి బరువు మోస్తూ నెమ్మదిగా కదిలేవాళ్లకు. ఫ్రీస్టైల్ కిక్ చిన్నది, చకచకా పడేది. పొట్టి ఆకు ఉన్న, మెత్తని రబ్బరు లేదా సిలికాన్ ట్రైనింగ్ ఫిన్స్ తీసుకోండి. పాదం బిగుతుగా పట్టాలి కానీ వేళ్లు ముడుచుకోకూడదు, వదులుగా ఉంటే జారిపోకుండా వేళ్లతో పట్టుకుంటూ ఉంటారు, ఆ బిగింపుకే పాదం పట్టేస్తుంది. మడమ దగ్గర ఒరుసుకుంటుంటే పల్చటి సాక్స్ వేసుకోండి.

పిక్క పట్టేస్తే ఈదడం ఆపి గోడనో లేన్ తాడునో పట్టుకోండి, ఫిన్ తీసేసి, మోకాలు చాపి, కాలి వేళ్లను మీవైపు లాగి పట్టుకోండి. కొత్తలో లోతు తక్కువున్న వైపే వాడండి. గట్టు మీద కూర్చునే తొడుక్కోండి, వాటితో నడవద్దు. రద్దీ బ్యాచ్‌లో అయితే కోచ్‌ని అడిగి వాడండి, పక్కవాళ్లకు తగిలితే గట్టిగానే తగులుతుంది.

ప్రశ్న: నాకు 56, విశాఖలో ఉంటాం. మోకాళ్ల నొప్పులున్నాయి, ఈత మంచిదని వెళ్తున్నాను. కప్ప ఈతే వచ్చు. ఫిన్స్ వేసుకోవచ్చా?

జవాబు: కప్ప ఈతకు ఫిన్స్ పనికిరావమ్మా, ఆ కిక్‌లో పాదం బయటికి తిప్పి నెట్టాలి, ఫిన్ దానికి అడ్డం. అసలు మోకాలి లోపలి వైపు నొప్పి ఉన్నవాళ్లకు కప్ప ఈత కిక్కే ఇబ్బంది పెట్టొచ్చు, మోకాలిని పక్కకు లాగుతుంది. దాన్ని కొన్నాళ్లు పక్కనపెట్టి, వెల్లకిలా మెల్లగా, ఫిన్స్ లేకుండా కిక్ కొట్టి చూడండి. ఆ రోజు, మర్నాడు నొప్పి పెరగకపోతేనే పొట్టి ఫిన్స్‌తో ఒకటి రెండు లెంగ్త్‌లు. మోకాలి చిప్ప దగ్గర గుచ్చినట్టుంటే వెంటనే తీసేయండి. ఆపరేషన్ అయి ఉంటే మాత్రం మీ డాక్టర్‌ని అడగకుండా వద్దు. మీరు కోచ్ మాట విని నొప్పిని ఓర్చుకుంటూ ఈదడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: మాస్టర్స్ పోటీల్లో ఫిన్స్ వాడనిస్తారా?

జవాబు: వాడనివ్వరు. 25 ఏళ్లు, ఆపైన వయసున్నవాళ్ల మాస్టర్స్ ఈతకైనా వరల్డ్ అక్వాటిక్స్ (అంతర్జాతీయ ఈత సమాఖ్య) నిబంధన అదే, వేగం పెంచే సాధనమేదీ ఒంటిమీద ఉండకూడదు. ఫిన్స్‌తోనే పోటీ పడే ఫిన్‌స్విమ్మింగ్ వేరే ఆట. మీరు వెళ్లేది మామూలు పోటీకైతే, ముందు వారాల్లో ఫిన్స్ తగ్గించేసి వట్టి కాళ్లతోనే టైమ్ చూసుకోండి. దూరం ఎక్కువున్న ఈవెంట్ అయితే కిక్ కూడా తగ్గించండి, తొడ కండరాలు పెద్దవి, ఆయాసం అక్కడినుంచే మొదలవుతుంది.